ఆటలో ఆగ్రహం: పిన్‌బాల్ లోలకం నుంచి ఆన్‌లైన్ పోటీల దాకా

పోటీ ఆటలో ఓడినవాడికి ఉక్రోషం రావడం ఆటంత పాతది. దాన్ని ఎవరు ఆపాలి, ఎక్కడ ఆపాలి అన్నది మాత్రం ఆడే చోటును బట్టి మారుతూ వచ్చింది. బరి దగ్గర పెద్దమనుషులు, మైదానంలో అంపైరు, చదరంగం బల్ల దగ్గర ఎదుట కూర్చున్న మనిషి చూపు ఆ పని చేసేవి. యంత్రాలతో ఆడే ఆటలు, ఆ తరవాత నెట్‌వర్క్ మీద ముక్కూమొహం తెలియనివారితో ఆడే ఆటలు వచ్చేసరికి ఈ కట్టుబాట్లన్నీ మళ్లీ మొదటి నుంచి ఏర్పరచుకోవలసి వచ్చింది. తొంభై ఏళ్లుగా సాగుతున్న ఆ ప్రయత్నంలో ఒక సంగతి పదేపదే తేలింది: కోపిష్ఠులను ఏరి బయటికి పంపినంత మాత్రాన కోపం పోదు. అది పుట్టే పరిస్థితులను సరిదిద్ది, దాన్ని పట్టి ఉంచే నేర్పును ఆటతోపాటే అలవరిస్తేనే అదుపులోకి వస్తుంది.

యంత్రాన్ని బాదిన చేతులు

1930ల తొలినాళ్లలో, ఆర్థిక మాంద్యం నడుస్తున్న అమెరికాలో, బార్లలోనూ దుకాణాల్లోనూ పిన్‌బాల్ యంత్రాలు వెలిశాయి. నాణెం వేసి, వాలుబల్ల మీదికి గోళీని కొట్టి, ఎక్కువ పాయింట్లున్న గుంటలో పడేలా చూడటం ఆట. గోళీ గుంట అంచుదాకా వచ్చి పక్కకు జారిపోతే ఆడేవాళ్లు ఊరుకునేవారు కాదు. బల్లను కుదిపేవారు, ఒక పక్క ఎత్తేవారు, అడుగున అరచేత్తో బాదేవారు.

యంత్రాల రూపకర్త హ్యారీ విలియమ్స్ తాను తయారుచేసిన ‘అడ్వాన్స్’ యంత్రానికి ఇదే గతి పట్టడం చూసి, మొదట బల్ల అడుగున మేకులు దిగ్గొట్టాడు. అది మనుషుల చేతులు చీల్చే పని అని తెలిసి 1932 ప్రాంతంలో మరో ఉపాయం చేశాడు. చిన్న పీఠం మీద ఒక గుండును నిలిపాడు. బల్లను గట్టిగా కదిపితే గుండు కింద పడుతుంది, ఆట ఆగిపోతుంది. కొన్నాళ్లకు దాని చోట లోలకం వచ్చింది. యంత్రం లోపల ఒక లోహపు కడ్డీ వేలాడుతుంది. దాని చివర బరువు ఉంటుంది, చుట్టూ తగలకుండా ఒక లోహపు వలయం ఉంటుంది. బల్లను మెల్లగా తడితే కడ్డీ ఊగి మళ్లీ నిలకడకు వస్తుంది. విసురుగా కుదిపితే వలయాన్ని తాకి కరెంటు పారుతుంది, చేతిలో ఉన్న ఆట అక్కడికి రద్దవుతుంది.

ఈ ఏర్పాటులో గమనించవలసింది దాని కొలత. బల్లను కదపడం పూర్తిగా నిషేధం కాలేదు. ఎంత కదపవచ్చో తెలిసి కదపడం మంచి ఆటగాడి నేర్పుల్లో ఒకటైంది. హద్దు దాటిన క్షణంలోనే ఫలితం తెలిసేది, ఆ మరుసటి ఆట మామూలుగా ఆడుకోవచ్చు. ఈ ఏర్పాటు పేరైన ‘టిల్ట్’ తరవాత పోకర్ బల్లల మీదికి చేరింది. డబ్బు పోయిన ఉక్రోషంలో తెలివి తప్పి ఆడేవాడిని టిల్ట్ అయ్యాడు అన్నారు. ఆన్‌లైన్ గేమర్లు నేటికీ అదే మాట వాడుతున్నారు.

తొలి నెట్‌వర్క్ లోకాలు

నెట్‌వర్క్ మీద అనేకులు కలిసి ఆడే ఆటల చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. అక్కడ రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు ‘మడ్’ను రాశారు. అందులో బొమ్మలు ఉండవు, అంతా అక్షరాలే. పోరాటంలో మరో ఆటగాడి చేతిలో చచ్చిన పాత్ర శాశ్వతంగా చెరిగిపోయేది. వారాల తరబడి పెంచుకున్న పాత్ర ఒక్క పోరుతో పోతే కలిగే బాధకు హద్దు ఉండదు. పై స్థాయికి చేరినవారు మంత్రగాళ్ల హోదా పొంది, వారే తగవులు తీర్చేవారు. 1996లో బార్టిల్ రాసిన వ్యాసం ఆటగాళ్లను నాలుగు రకాలుగా విడదీసింది: సాధించడానికి వచ్చేవారు, అన్వేషించడానికి వచ్చేవారు, నలుగురితో కలవడానికి వచ్చేవారు, ఇతరుల మీద పడటానికి వచ్చేవారు. ఒకరి సరదా మరొకరికి కోపకారణం అవుతుందన్న సంగతిని ఆట తయారీదారుల ముందు స్పష్టంగా పెట్టిన తొలి రచనల్లో అదొకటి.

1986లో లూకాస్‌ఫిల్మ్ సంస్థ చిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్‌ల ఆధ్వర్యంలో ‘హాబిటాట్’ను పరీక్షకు పెట్టింది. కమడోర్ 64 కంప్యూటర్లలో ఆడే ఈ బొమ్మల లోకంలో ఆయుధాలు, దొంగతనాలు రెండూ సాధ్యమే. కొద్దిరోజుల్లోనే దోపిడీలు, హత్యలు పెరిగాయి. ఆటలో చంపడం నేరమా, ఆటలో భాగమా అని జనం రెండుగా చీలి వాదించుకున్నారు. ఒక ఆటగాడు ఆ లోకంలో ఒక చర్చి స్థాపించి, అందులో చేరినవారు ఆయుధం పట్టరాదని నియమం పెట్టాడు. మరికొందరు షెరీఫ్‌ను ఎన్నుకున్నారు. చివరికి నిర్వాహకులు పట్టణం లోపల ఆయుధాలు పనిచేయకుండా చేసి, ఊరి బయట అడవిని మాత్రం పాత పద్ధతిలోనే వదిలారు.

పదకొండేళ్ల తరవాత ఇదే పాఠం మరింత పెద్ద ఎత్తున తిరిగివచ్చింది. 1997 సెప్టెంబరులో విడుదలైన ‘అల్టిమా ఆన్‌లైన్’లో కొత్తగా చేరినవారిని ఊరి పొలిమేరలో కాచుకుని చంపి దోచుకునే ముఠాలు తయారయ్యాయి. దెబ్బతిన్నవారు కోపంతో తిట్టేవారు, విసిగి ఆటే మానేసేవారు. హంతకుల పాత్రలకు చెడ్డపేరు ముద్ర వేసే పద్ధతులను నిర్వాహకులు ఒకదాని తరవాత ఒకటి పెట్టి చూశారు. హంతకులు ప్రతిదానికీ దారి కనిపెట్టారు. 2000లో ఆ లోకాన్నే రెండుగా చేశారు. ఒకదానిలో పాత నియమాలు కొనసాగాయి, రెండోదానిలో ఎదుటివారి సమ్మతి లేకుండా దాడి చేయడం కుదరదు. ఎక్కువమంది రెండోదానికి తరలిపోయారు. మూడేళ్ల శిక్షలు తేల్చని తగవును పొలిమేర గీత తేల్చింది.

భుజం పక్క నుంచి లాబీలోకి

ఇదే కాలంలో మరో రకం పోటీ ముఖాముఖిగా సాగింది. 1991లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’ను ఇద్దరు భుజం భుజం తాకేలా నిలబడి ఆడేవారు. తరవాతి వంతు కోరేవారు తమ నాణేన్ని యంత్రం అంచున వరసలో పెట్టేవారు. ఓడినవాడికి ఎంత ఒళ్లు మండినా, పక్కనున్న ప్రత్యర్థిని, వెనకనున్న గుంపును చూసి నోరు అదుపులో పెట్టుకోవలసిందే. 2000ల తొలి సంవత్సరాల్లో హైదరాబాద్ వంటి నగరాల నెట్ సెంటర్లలో ‘కౌంటర్-స్ట్రైక్’ ఆడిన తెలుగు కుర్రకారుకూ ఇదే అనుభవం. కేకలు, పందేలు, అలకలు ఉండేవి. ఎదుటి జట్టు అదే గదిలో ఉండేది, రేపు మళ్లీ అదే గదికి రావాలి.

2002 నవంబరులో మైక్రోసాఫ్ట్ ‘ఎక్స్‌బాక్స్ లైవ్’ అనే ఆన్‌లైన్ ఆటల సేవను ప్రారంభించి, కొన్నవారందరికీ హెడ్‌సెట్ కూడా ఇచ్చింది. 2004లో ‘హేలో 2’ ఆటగాళ్లను నైపుణ్యాన్ని బట్టి తానే జతపరిచే పద్ధతిని జనసామాన్యానికి అలవాటు చేసింది. సరిజోడు ప్రత్యర్థి క్షణాల్లో దొరకడం పెద్ద సౌకర్యమే. దానితోపాటే మరో మార్పూ జరిగింది. జతపడినవారు పది నిమిషాల తరవాత మళ్లీ కనబడరు. ముఖం లేదు, ఊరు లేదు, రేపు ఎదురుపడతామన్న జంకు లేదు, చెవిలో మాత్రం గొంతు ఉంది. అదే 2004లో మనస్తత్వవేత్త జాన్ సులర్ తన వ్యాసంలో, ఎవరో తెలియకపోవడం, కంటికి కనబడకపోవడం వంటి కారణాల వల్ల నెట్‌లో మనుషుల సంకోచం ఎలా సడలిపోతుందో వివరించాడు. ఎదురుగా అనలేని మాట ఇయర్‌ఫోన్‌లో సులువుగా అనేస్తారు.

దీనికి భిన్నమైన సంప్రదాయం దక్షిణ కొరియాలో వేళ్లూనింది. 1998లో వచ్చిన ‘స్టార్‌క్రాఫ్ట్’ అక్కడ గేమింగ్ కేఫుల్లో జాతీయ వ్యసనమంతగా పాకి, 2000 నుంచి టీవీ లీగులుగా మారింది. ఓటమి ఖాయమని తెలిసిన ఆటగాడు ‘జీజీ’ అని, అంటే మంచి ఆట అని టైప్ చేసి తప్పుకోవడం మర్యాద. అలా చెప్పకుండా నిష్క్రమిస్తే ప్రేక్షకులు తప్పుపట్టేవారు. లీగు నియమాలు మ్యాచ్ మధ్యలో కబుర్లను దాదాపుగా నిషేధించాయి. అనుమతి లేని మాట టైప్ చేసినందుకు ఓడినట్టు ప్రకటించిన సందర్భాలూ ఉన్నాయి. ఓటమిని పైకి ఒప్పుకునే ఆ రెండక్షరాల మర్యాద ఓడినవాడికి గౌరవంగా తప్పుకునే దారి చూపింది, గెలిచినవాడి గర్వానికీ అడ్డుకట్ట వేసింది.

ఐదుగురి జట్టు, ఐదుగురి నింద

2009 అక్టోబరులో రయట్ గేమ్స్ విడుదల చేసిన ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ కోపం పుట్టడానికి కావలసినవన్నీ ఒకచోట చేర్చింది. ముక్కూమొహం తెలియని ఐదుగురు ఒక జట్టు. ఆట అరగంటకు పైగా సాగుతుంది. మధ్యలో వెళ్లిపోతే శిక్ష. ఒకరి పొరపాటు ఎదుటి జట్టుకు బలాన్ని ఇస్తుంది, ఆ బలం మిగతా నలుగురి మీద విరుచుకుపడుతుంది. గెలిస్తే తన ప్రతిభ, ఓడితే పక్కవాడి తప్పు అనిపించడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు.

2011లో రయట్ ‘ట్రిబ్యునల్’ను ఏర్పాటు చేసింది. ఫిర్యాదులు పోగైన ఆటగాడి చాట్ రికార్డులను తోటి ఆటగాళ్లే చదివి, శిక్షించాలో క్షమించాలో ఓటు వేసేవారు. ఏ మాట హద్దు దాటిందో సమూహమే తేల్చడం దీని బలం. తీర్పు రావడానికి చాలా రోజులు పట్టడం దీని బలహీనత. అప్పటికి తిట్టినవాడికి తాను ఏ ఆటలో ఏమన్నాడో కూడా గుర్తుండదు. 2014లో ట్రిబ్యునల్‌ను నిలిపివేశారు. 2015లో ఆట ముగిసిన కొద్ది నిమిషాల్లోనే, తప్పుమాటలను చూపించి మరీ శిక్ష చెప్పే స్వయంచాలక పద్ధతి వచ్చింది. పిన్‌బాల్ లోలకం చేసిన పని ఇదే: తప్పు, ఫలితం పక్కపక్కనే ఉండాలి.

మనస్తత్వవేత్త జెఫ్రీ లిన్ నాయకత్వంలో రయట్ జరిపిన పరిశీలనలు అంతకన్నా లోతైన సంగతిని బయటపెట్టాయి. ఎప్పుడూ దురుసుగా ఉండేవారు ఆటగాళ్లలో సుమారు 1 శాతమే, మొత్తం దుష్ప్రవర్తనలో వారి వాటా సుమారు 5 శాతమే. మిగతాదాంట్లో అత్యధిక భాగం మామూలు ఆటగాళ్లది. పగలంతా బడిలోనో ఆఫీసులోనో విసిగి వచ్చినవారు, వరుసగా ఓడినవారు, మామూలుగా మర్యాదస్తులే అయినవారు ఏదో ఒక పూట నోరు జారుతున్నారు. చెడ్డవాళ్లను వెళ్లగొడితే చాలనే నమ్మకాన్ని ఈ అంకెలు తిరగరాశాయి.

అందుకే ప్రయోగాలు మనుషుల నుంచి ఏర్పాట్ల వైపు మళ్లాయి. ఎదుటి జట్టుతో చాట్‌ను తొలగించకుండా, కావలసినవారు తామే తెరుచుకునేలా మార్చారు. చాట్ వాడకం దాదాపు అంతే ఉంది, అందులోని దురుసు మాటలు మూడో వంతు దాకా తగ్గాయి. ఆట లోడ్ అయ్యేటప్పుడు, తప్పు చేసిన సహచరుణ్ని తిడితే అతను ఇంకా నాసిగా ఆడతాడని ఎర్రటి అక్షరాల్లో చూపిస్తే అభ్యంతరకర భాష సుమారు 11 శాతం తగ్గింది. ఎర్ర రంగు తీసేస్తే ఆ ప్రభావం అంతగా కనబడలేదు. 2012లో వచ్చిన ‘ఆనర్’ పద్ధతి సాయపడిన సహచరుణ్ని మెచ్చుకునే వీలు కల్పించింది.

మాటలకు కళ్లెం

మాటలనే తగ్గిస్తే తగవు ఉండదని భావించిన ఆటలూ ఉన్నాయి. 2014లో బ్లిజార్డ్ విడుదల చేసిన ‘హార్త్‌స్టోన్’ అనే కార్డుల ఆటలో ప్రత్యర్థితో మాట్లాడేందుకు సిద్ధంగా ఉన్న ఆరు పలుకులే దిక్కు. పలకరింపు, ధన్యవాదం, క్షమాపణ వంటివి అందులో ఉండేవి. కొద్దికాలంలోనే క్షమాపణ వెక్కిరింతగా మారింది. దెబ్బ కొట్టి ‘సారీ’ అనడం ఎంతగా ముదిరిందంటే 2016లో దాన్ని తొలగించవలసి వచ్చింది. 2015 నాటి ‘రాకెట్ లీగ్’లోనూ ఇదే జరిగింది. గోల్ ఆపినవారిని మెచ్చుకునే సిద్ధపలుకును, గోల్ వదిలేసినవారిని గేలి చేయడానికి వాడారు.

బ్లిజార్డ్ వారి మరో ఆట ‘ఓవర్‌వాచ్’ 2016 మే నెలలో వచ్చింది. స్టార్‌క్రాఫ్ట్ కాలపు ‘జీజీ’ మర్యాదకు ఇక్కడ గెలిచినవారు ‘ఈజీ’ అనే తోక తగిలించారు. ఓడినవారి పుండు మీద కారం చల్లే ఆ మాటను ఎవరైనా టైప్ చేస్తే, దాని బదులు టైప్ చేసినవారే చిన్నబోయే అమాయకపు వాక్యం తెర మీద కనబడేలా తయారీదారులు మార్చారు. 2017 సెప్టెంబరులో ఆట డైరెక్టర్ జెఫ్ కాప్లన్, దురుసు ఆటగాళ్ల మీద చర్యలకు వెచ్చిస్తున్న శ్రమ వల్ల కొత్త సౌకర్యాలు ఆలస్యమవుతున్నాయని బహిరంగంగా చెప్పాడు. 2018 జూన్‌లో, ఆట ముగిశాక తోటివారి నాయకత్వాన్ని, క్రీడాస్ఫూర్తిని మెచ్చుకునే పద్ధతి అందులో ప్రవేశించింది. ఆ ఏడాది మార్చిలోనే అనేక గేమింగ్ సంస్థలు తమ అనుభవాలను పంచుకోవడానికి ‘ఫెయిర్ ప్లే అలయన్స్’గా ఏర్పడ్డాయి.

కోపం తెర దాటితే ఎంత ఘోరం జరుగుతుందో 2017 డిసెంబరులో అమెరికాలోని విచిటా నగరం చూసింది. ‘కాల్ ఆఫ్ డ్యూటీ’లో ఒకటిన్నర డాలర్ల పందెం మీద ఇద్దరికి తగువు వచ్చింది. వారిలో ఒకడు మరో ఊరి మనిషితో పోలీసులకు దొంగ ఫోన్ చేయించాడు. తప్పుడు చిరునామాకు వెళ్లిన పోలీసుల తూటాకు, ఆ ఆటతో ఏ సంబంధమూ లేని వ్యక్తి తన గుమ్మంలోనే బలయ్యాడు. ఫోన్ చేసినవాడికి 2019లో 20 ఏళ్ల జైలుశిక్ష పడింది.

గొంతును పరిశీలించే సాంకేతికత ఆలస్యంగా వచ్చింది. 2023 ఆగస్టు నుంచి ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ తన వాయిస్ చాట్‌ను కృత్రిమ మేధతో పరిశీలించి, ద్వేషపూరిత మాటలను గుర్తించడం మొదలుపెట్టింది.

కోపానికి మూలం ఎక్కడ

హింస నిండిన ఆటలే మనుషులను కోపిష్ఠులను చేస్తాయన్న అభిప్రాయం బలంగా ఉండేది. 2014లో ఆక్స్‌ఫర్డ్, రోచెస్టర్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆండ్రూ ప్రిజ్‌బిల్‌స్కీ, రిచర్డ్ ర్యాన్ తదితరులు దీన్ని వేరే వైపు నుంచి పరీక్షించారు. నెత్తుటి చుక్క లేని ‘టెట్రిస్’ ఆటలో, అవసరం లేని ఇటుకలే వచ్చిపడేలా ఒక ప్రయోగంలో మార్చారు. మరికొన్నింటిలో మీటలను అయోమయంగా అమర్చారు. ఆడేవారిలో దూకుడు భావాలు పెరిగాయి. ఆటలో హింస ఉందా లేదా అన్నదానికన్నా, తన చేతికి ఆట లొంగడం లేదన్న నిస్సహాయతే కోపానికి దగ్గరి కారణమని తేలింది. ఇంటర్‌నెట్ జాప్యం, కొత్త నియమాలు, తన స్థాయికి మించిన ప్రత్యర్థి గేమర్లను ఎందుకు అంతగా ఉడికిస్తాయో దీనితో అర్థమవుతుంది.

రెండో మూలం ర్యాంకు. భౌతికశాస్త్రవేత్త అర్పాద్ ఎలో చదరంగం కోసం రూపొందించిన రేటింగ్ లెక్కలే ఆన్‌లైన్ ర్యాంకులకు మాతృక. జత సరిగ్గా కుదిర్చితే ప్రతి ఒక్కరూ సుమారు సగం ఆటలు ఓడక తప్పదు. సగం గెలిచే ఆటగాడు 100 ఆటలు ఆడితే, కనీసం ఒకసారైనా వరుసగా ఐదు ఓటములు ఎదురయ్యే అవకాశం 80 శాతం దాకా ఉంటుంది. అంటే ఓటముల వరుస దురదృష్టమూ కాదు, కుట్రా కాదు, లెక్కలో ఉన్నదే. అయినా పోయిన పాయింటు వచ్చిన పాయింటు కన్నా ఎక్కువ బాధిస్తుంది. నష్టం లాభం కన్నా బరువుగా తోస్తుందని డేనియల్ కానెమన్, ఏమస్ ట్వర్‌స్కీ 1979లోనే చూపారు. పోయినదాన్ని ఈ రాత్రే రాబట్టాలనే పంతం ఇక్కడే పుడుతుంది. అలసిన చేతులు, ఉడుకుతున్న మనసుతో ఆడిన మరుసటి ఆట కూడా పోతుంది.

కోపాన్ని వెళ్లగక్కితే చల్లారుతుందన్నది మరో పాత నమ్మకం. 2002లో బ్రాడ్ బుష్‌మన్ జరిపిన ప్రయోగంలో, కోపం తెప్పించినవారిని తలచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ను బాదినవారికి కోపం పెరిగింది, ఏమీ చేయక కూర్చున్నవారికన్నా వారే దూకుడుగా ప్రవర్తించారు. 2024లో 154 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష కూడా అదే చెప్పింది. నెమ్మదిగా ఊపిరి తీయడం, ధ్యానం, యోగా వంటి ఒంట్లో ఉద్రేకాన్ని తగ్గించే పనులు కోపాన్ని తగ్గిస్తాయి. పరుగు వంటి ఉద్రేకం పెంచే పనులు తగ్గించవు. కంట్రోలర్‌ను గోడకు విసిరినా, మైక్‌లో అరిచినా శాంతి రాదు.

పోటీ జట్ల సాధన

నిగ్రహాన్ని శిక్షణలో భాగం చేసినవి వృత్తి జట్లు. 2016లో ఏర్పడిన డెన్మార్క్ కౌంటర్-స్ట్రైక్ జట్టు ‘ఆస్ట్రాలిస్’ ప్రతిభకు లోటు లేనిదే అయినా, కీలక మ్యాచ్‌ల్లో ఒత్తిడికి తడబడుతుందన్న పేరు మోసింది. ఫిన్లాండ్‌కు చెందిన క్రీడా మనస్తత్వవేత్త మియా స్టెల్‌బర్గ్ ఆ జట్టుతో పనిచేసి, నిద్ర, తిండి, దినచర్య, ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరు సరిచేశారు. 2017 జనవరిలో అట్లాంటాలో జరిగిన ‘మేజర్’ అనే అగ్రశ్రేణి టోర్నీ ఫైనల్లో వారు తొలి మ్యాప్ ఓడి కూడా పుంజుకుని, నిర్ణాయక మ్యాప్‌ను 16–14తో గెలిచారు. ఆ తరవాత 2019 నాటికి మరో మూడు మేజర్లు గెలిచారు. ఆ విజయాలు చూసి మనస్తత్వ నిపుణుల అవసరాన్ని ఇతర జట్లూ గుర్తించాయి.

విరామాలకూ విలువ పెరిగింది. 2016లో వచ్చిన నియమం కౌంటర్-స్ట్రైక్ మేజర్లలో కోచ్ మాట్లాడే అవకాశాన్ని సగం ఆట విరామానికి, 30 సెకన్ల చొప్పున నాలుగు టైమ్‌అవుట్లకు పరిమితం చేసింది. వ్యూహం చెప్పడానికి ఉన్న ఆ అరనిమిషాలను చాలా జట్లు ఊపిరి కుదుటపరచుకోవడానికీ వాడుకున్నాయి.

ఫోన్‌లోకి వచ్చిన పోటీ

భారతదేశంలో ఈ పోటీ కంప్యూటర్ల మీద కన్నా ఫోన్ల మీద విస్తరించింది. 2018లో వచ్చిన ‘పబ్‌జీ మొబైల్’ నలుగురి జట్టును, వాయిస్ చాట్‌ను చవక డేటాతో ఊరూరికీ చేర్చింది. తెలుగులో అరుచుకుంటూ ఆడే జట్లు కాలేజీ హాస్టళ్లలోనూ మేడల మీదా కనబడసాగాయి. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. దాని బదులు 2021 జులైలో వచ్చిన ‘బీజీఎంఐ’ 18 ఏళ్ల లోపువారికి రోజుకు 3 గంటల పరిమితి పెట్టింది. 2022లో మళ్లీ ఆగిపోయి, 2023 మేలో తిరిగి వచ్చినప్పుడు పెద్దలకూ 6 గంటల హద్దు విధించారు. ఈ హద్దులు వ్యసనం గురించి పెట్టినవి. అయినా అలసటతో సాగే ఆటను ఆపే మేరకు కోపానికీ పనికివస్తాయి. వ్యక్తిగత గది లేని ఇళ్లలో హెడ్‌సెట్‌లో అరిచిన బూతు ప్రత్యర్థి కన్నా ముందు ఇంట్లోవారి చెవిన పడుతుంది. అందువల్ల ఇక్కడ ఈ నేర్పు ఇంటిల్లిపాదికీ సంబంధించింది.

నేడు స్థిరపడిన పద్ధతి

ఈ చరిత్ర నుంచి ఆటగాడికి మిగిలిన సాధన సులభమైనదే. వరుసగా రెండో మూడో ఆటలు ఓడితే ఆపాలన్న నియమాన్ని కోపం రాకముందే పెట్టుకోవాలి. ఉడికిపోతున్నప్పుడు పెట్టుకున్న నియమం నిలవదు. దురుసుగా మాట్లాడేవారిని బదులు చెప్పకుండా మ్యూట్ చేసి, ఆట ముగిశాక రిపోర్ట్ చేయాలి. ఆటకూ ఆటకూ మధ్య లేచి, నీళ్లు తాగి, ఊపిరిని నెమ్మదింపజేయాలి. ఓడిన ఆటను మరునాడు రికార్డింగ్‌లో చూసుకుని, తన చేతిలో ఉన్న తప్పును ఒక్కదాన్ని ఎంచుకుని దిద్దుకోవాలి. ఆట చేతికి లొంగుతోందన్న భావన పెరిగేకొద్దీ కోపం తగ్గుతుంది.

తయారీదారుల బాధ్యత దీనితో తగ్గదు. సరిజోడు జతలు, తక్షణం తెలిసే హద్దులు, అవమానం లేకుండా తప్పుకునే వీలు, మంచి సహచరుణ్ని మెచ్చుకునే మార్గం ఏర్పాటు చేయడం వారి పని. అత్యధిక దుష్ప్రవర్తన మామూలు మనుషుల చెడ్డ పూటల్లోంచి వస్తున్నప్పుడు, ఆ పూటను దాటించే ఏర్పాటు చేసిన ఆటే ఎక్కువమందిని నిలుపుకుంటుంది.